మా అమ్మాయి ఆర్సీఎం ఇంటికి కోడలిగా వెళ్తోంది. మేం తెలుసుకోవాల్సినదేమిటి?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. మూడు తరాలుగా లూథరన్ వాళ్ళం. మా అమ్మాయికి ఆర్సీఎం (రోమన్ కతోలిక) సంబంధం కుదిరింది. అబ్బాయి బుద్ధిమంతుడు, హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయిన నెల ప్రధానం వాళ్ళ గుళ్ళో పూజతో కలిపి పెట్టారు. అందరూ లేచి వరసలో వెళ్తుంటే నేనూ వెళ్ళి నిలబడ్డాను. అబ్బాయి మేనత్త వచ్చి నా చెయ్యి పట్టుకుని, "వదినగారూ, మీరు తీసుకోకూడదు" అని పక్కకు తీసుకొచ్చేసింది. అంతా చూశారు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పుడు మా బంధువులు తలా ఒక మాట అంటున్నారు. వాళ్ళు మరియమ్మను దేవుడంటారని ఒకరు, విగ్రహాలకు మొక్కుతారని ఒకరు, పాపాలన్నీ ఫాదర్‌కి చెప్పుకోవాలని ఇంకొకరు, పిల్లకి మళ్ళీ బాప్తిస్మం ఇస్తారని మరొకరు. అమ్మాయేమో "అందరిదీ ఒకే యేసు ప్రభువు కదమ్మా" అంటుంది. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు వాళ్ళ నమ్మకం ఏమిటి? పెళ్ళికి ముందు మేం ఏం అడగాలి?
- ఒక తల్లి

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఆ చెయ్యి పట్టుకున్న సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో మిగతా ప్రశ్నలన్నీ బంధువులవి. మీది ఆ ఒక్కటే.

ఆవిడ చెప్పిన నియమం నిజమే. చెప్పిన పద్ధతి తప్పు. వేరే సంఘం వాళ్ళు సగంమంది కూర్చున్న పూజలో, సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, పంచబోయే ముందు ఫాదర్‌గారే రెండు ముక్కలు మర్యాదగా చెప్పి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మీరు తప్పు చేయలేదు. మీ చర్చిలో ప్రభురాత్రి భోజనానికి లేచినట్టే లేచారు. మీరు అక్కడ లేచినా ఫరవాలేదు, ఇక్కడ లేస్తే ఎందుకు కుదరదో తెలిస్తే ఆర్సీఎం వాళ్ళ నమ్మకం సగం అర్థమైనట్టే. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను పుట్టు ఆర్సీఎం. చిన్నప్పుడు పూజలో ఫాదర్‌గారికి సాయం చేసేవాణ్ణి. గంట కొట్టడం, నీళ్ళు అందించడం నా పని. సత్ప్రసాదం పంచడం అయిపోయాక, జనం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు, పీఠం దగ్గర ఒక పని జరుగుతుంది. ఎవరూ పెద్దగా చూడరు. అప్పాలు పెట్టిన పళ్ళాన్ని ఫాదర్‌గారు వెలుతురుకు కాస్త వంచి చూస్తారు. కంటికి కనపడీ కనపడని పొడి ఉంటే వేలితో గిన్నెలోకి తోస్తారు. నేను గిన్నెలో నీళ్ళు పోస్తాను. ఆయన దాన్ని ఒకసారి తిప్పి, ఆ నీళ్ళు తాగేసి, తెల్లగుడ్డతో గిన్నె తుడుస్తారు. ఒక్క రేణువు కూడా కింద పడకూడదు. పదేళ్ళ వయసులో ఎవరూ నాకు సిద్ధాంతం చెప్పలేదు. అది రొట్టెముక్క కాదని ఆ తుడవడం చూసే తెలిసింది.

అదీ సంగతి. పూజలో గురువు (ఫాదర్‌గారు) "ఇది నా శరీరము" అన్నాక ఆ అప్పం రూపం, రుచి మారవు గాని అది క్రీస్తు శరీరమే అవుతుందని కతోలికుల విశ్వాసం. గుర్తు కాదు, జ్ఞాపకార్థం మాత్రమే కాదు. మిగిలిన అప్పాలను దివ్యమందసంలో పెట్టి తాళం వేస్తారు. దాని పక్కన రాత్రింబవళ్ళు చిన్న దీపం వెలుగుతూనే ఉంటుంది. వాళ్ళు గుళ్ళోకి రాగానే మోకాలు వంచేది విగ్రహానికి కాదు, ఆ మందసానికి. ఈసారి వెళ్ళినప్పుడు గమనించండి.

మీకు ఇది వింతగా అనిపించకూడదు నిజానికి. 1529లో మార్బుర్గ్‌లో, రొట్టె కేవలం గుర్తు అన్న స్విస్ సంస్కర్త జ్వింగ్లీతో వాదిస్తూ మీ లూథరుగారు బల్ల మీద సుద్దతో "ఇది నా శరీరము" అని లాటిన్‌లో రాసి, ఆ మాట మీదే పట్టుబట్టి కూర్చున్నారు. ఈ విషయంలో బాప్టిస్టుల కంటే మీరు మాకు దగ్గరివాళ్ళు. తేడా ఎక్కడంటే, రొట్టె రొట్టెగా ఉంటూనే ప్రభువు శరీరం అందులో ఉంటుందని మీరంటారు. రొట్టె ఇక రొట్టె కాదని మేమంటాం.

మరి అంత దగ్గరైతే ఎందుకు ఇవ్వరు? సత్ప్రసాదం తీసుకోవడమంటే ప్రభువుతో పాటు ఈ సంఘంతో, ఈ పీఠాధిపతితో (బిషప్‌గారితో), రోములో ఉన్న పోపుగారితో నేను ఒకటిగా ఉన్నానని నలుగురిలో చెప్పడం కూడా. మీరు ఆ మాట చెప్పడం లేదు కదా. చెప్పనిదాన్ని చెప్పినట్టు చేయించకూడదని వాళ్ళ వాదన. నాకు ఈ నియమం బాధగానే ఉంటుంది, ముఖ్యంగా పెళ్ళిళ్ళలో. కానీ ఇది మిమ్మల్ని తక్కువ చేయడానికి పెట్టింది కాదు. ఆ రోజు మీరు చూసి ఉండరు గాని, వరసలోకి రాకుండా కూర్చున్న ఆర్సీఎం వాళ్ళు కూడా ఉండే ఉంటారు. పెద్ద పాపం మనసులో ఉండి పాపసంకీర్తనం (ఫాదర్‌ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయనివాళ్ళు, గుళ్ళో పెళ్ళి చేసుకోకుండా కాపురం చేస్తున్నవాళ్ళు, గంట లోపే ఏదో తిని వచ్చినవాళ్ళు కూడా లేవకూడదు.

మళ్ళీ బాప్తిస్మం సంగతి తేలిక. ఇవ్వరు. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో ఇచ్చిన బాప్తిస్మం ఎవరు ఇచ్చినా చెల్లుతుందని మూడో శతాబ్దంలోనే రోము పీఠం గట్టిగా నిలబడింది. అప్పటి పోపు స్తెఫాను, కార్తేజు బిషప్ సిప్రియాను ఈ మాట మీదే గొడవపడ్డారు కూడా. మీ అమ్మాయికి పసితనంలో మీ పాస్టరుగారు ఇచ్చిందే చాలు. అసలు ఇచ్చారో లేదో తేలని సందర్భంలో మాత్రమే "ఒకవేళ పొంది ఉండకపోతే" అన్న షరతుతో ఇస్తారు. అందుకని మీ చర్చి నుంచి బాప్తిస్మం సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. పెళ్ళి పనుల్లో అసలైన చికాకు సిద్ధాంతాల వల్ల రాదు, స్పెల్లింగుల వల్ల వస్తుంది.

మీరు రెండు సంస్కారాలు అంటారు, మేం ఏడు అంటాం. జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, అవస్థ అభ్యంగనం (జబ్బుపడ్డవాళ్ళకు నూనె పూయడం), గురుపట్టం (ఫాదర్‌ అవడం), జ్ఞానవివాహం. పాత జపాల పుస్తకాల్లో వీటిని "దేవద్రవ్యానుమానములు" అని రాశారు. నా చిన్నప్పుడు ఆ మాట నోరు తిరిగేది కాదు. దేవుడి మీద అనుమానం ఏమిటా అనుకునేవాణ్ణి! ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు. అయినా ఆ పెద్దమాట మధ్యలో ఉన్న "ద్రవ్యం" నాకు ఇష్టం. నీళ్ళు, నూనె, అప్పం, ద్రాక్షరసం, తలమీద పెట్టే చెయ్యి. దేవుడి కృప గాల్లో రాదు, ముట్టుకోగలిగే వస్తువు వెంట వస్తుందన్నది కతోలికుల పట్టు. విభూతి బుధవారం నుదుట పెట్టే బూడిద, మట్టల ఆదివారం ఇంటికి తెచ్చుకునే మట్ట, గుమ్మం దగ్గర తీర్థంలో వేలు ముంచడం ఈ ఏడింటిలోవి కావు గాని అదే ఇంటి అలవాట్లు. హారతి పట్టడం, చేతులు జోడించి నమస్కరించడం లాంటివి పూజలో చేర్చుకోవచ్చని రోము 1969లో మన దేశానికి అనుమతి ఇచ్చింది. ఇవన్నీ చూసి మీవాళ్ళు "ఇది హిందువుల పద్ధతి" అంటారు. అది మన ఊరి పద్ధతి. గౌరవం చూపించాలంటే మనకు తెలిసిన తీరు అదే మరి.

విగ్రహాల మాటకొస్తే, మీవాళ్ళు ఒక ఆరోపణ తప్పక చేస్తారు. పది ఆజ్ఞల్లో విగ్రహాల ఆజ్ఞను ఆర్సీఎం వాళ్ళు ఎగరగొట్టారని. చెల్లెమ్మా, ఈ మాట అనేముందు మీ కన్ఫర్మేషన్‌కి చదివిన లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం తీయండి. అందులో రెండో ఆజ్ఞ ఏమిటి? దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదని. మా సత్యోపదేశంలోనూ అదే. నిర్గమకాండం 20వ అధ్యాయంలో వచనాలు అవే, వాటిని పదిగా విడగొట్టడంలోనే తేడా. పునీత అగుస్తీను కాలం నుంచి వస్తున్న లెక్క ఒకటి, బాప్టిస్టులూ మరికొందరూ పాటించే లెక్క ఇంకొకటి. ఈ లెక్కలో మీరూ మేమూ ఒకే వైపు.

ప్రతిమల మీద గొడవ పాతది. ప్రతిమకు ఇచ్చే గౌరవం అది ఎవరిదో వాళ్ళకు చేరుతుందని, ఆరాధన మాత్రం దేవుడికే అని 787లో రెండో నీకియా మహాసభ తేల్చింది. మరియమాత విషయంలోనూ ఇదే గీత. ఆమె దేవత కాదు, సృష్టికర్త కాదు, మన లాంటి మనిషే. జపమాలలో గొణుగుతున్నట్టు వినిపించే మంగళవార్త జపం జాగ్రత్తగా వినండి. మొదటి సగం లూకా సువార్త మొదటి అధ్యాయంలో గబ్రియేలు దూత, ఎలిజబెతమ్మ అన్న మాటలు. రెండో సగంలో అడిగేది ఒక్కటే: మా కొరకు ప్రార్థించండి అని. మీ అమ్మాయికి జ్వరమొస్తే "ప్రేయర్ చేయండి" అని మీరు పాస్టరమ్మకు ఫోన్ చేస్తారు కదా, అలాంటిదే. చనిపోయి పరలోకంలో ఉన్నవాళ్ళను అలా అడగవచ్చా అన్న దగ్గర మీకూ మాకూ నిజంగానే తేడా ఉంది. అది ఈ పెళ్ళితో తీరేది కాదు, వదిలేయండి.

ఒక మాట ఒప్పుకోవాలి. పుస్తకంలో గీత స్పష్టంగా ఉన్నా, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ మీద మరియమాత ఉత్సవంలో అది అంత స్పష్టంగా కనపడదు. తలనీలాలు, కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, మొక్కుబడులు. వచ్చేవాళ్ళలో హిందువులూ చాలామంది. తల్లి దగ్గర మొక్కు తీర్చుకుని, పూజకు నిలబడకుండానే బస్సెక్కే మావాళ్ళు కూడా తక్కువేం కాదు. మీవాళ్ళు చూసి అనేది వాళ్ళను చూసే. అది మా ఇంటి లోపం, మా నమ్మకం కాదు.

పాపసంకీర్తనం గురించి భయపడకండి. ఫాదర్‌కి పాపాలు చెప్తే ఊరంతా తెలుస్తుందన్న అనుమానం మీ బంధువుల మాటల్లో ఉన్నట్టుంది. సంకీర్తనంలో విన్నది బయటపెట్టిన గురువుకు సంఘం నుంచి వెలివేత, దానంతటదే పడే శిక్ష. హత్య చేశానని చెప్పినా ఆయన పోలీసులకు చెప్పకూడదు. క్షమించేది దేవుడే, "మీరు ఎవరి పాపాలు క్షమిస్తారో" అని యేసు శిష్యులకు చెప్పిన మాట ఆధారంగా గురువు ఆ క్షమాపణను నోటితో పలుకుతారు. ఏడాదికి ఒక్కసారైనా చేయాలని 1215లో లాతెరాను మహాసభ నియమం పెట్టింది. అన్నట్టు, మీ చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలోనూ పాపపు ఒప్పుకోలు గురించి ఒక భాగం ఉంది. లూథరుగారు దాన్ని తీసేయలేదు. మీ అమ్మాయి కతోలికురాలు కానంతవరకు ఆమెను దీనికి ఎవరూ పిలవరు.

ఇక పోపుగారు. పేతురుకు ప్రభువు ఇచ్చిన బాధ్యత రోము పీఠం మీద కూర్చున్నవారికి సంక్రమిస్తుందని నమ్మకం. అందుకే మాలో "మా సంఘం వేరే పెట్టుకుంటాం" అనడం సులువు కాదు. 2025 మే 8న పద్నాలుగో లియో పోపుగారిని ఎన్నుకున్నప్పుడు ఓటేసిన కార్డినల్స్‌లో మన తెలుగాయన, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు ఉన్నారు. 2022లో కార్డినల్ అయిన మొదటి తెలుగువారు, దేశంలో మొదటి దళితుడు కూడా ఆయనే. ఆ వార్త వచ్చిన రోజు మా వాడలో మిఠాయిలు పంచారు. గుళ్ళో ఎవరెక్కడ కూర్చునేవారో గుర్తున్న ముసలివాళ్ళకు ఆ మిఠాయి రుచి వేరు.

మన ప్రాంతంలో ఈ రెండు సంఘాలు ఎదురుబదురుగా ఎందుకున్నాయో కూడా చెప్తాను. ఆర్సీఎం 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్ గురువులతో పుంగనూరు వైపు నుంచి తెలుగునేల మీద పాకింది. గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్‌గారు 1842లో వచ్చారు. ఆ తర్వాత స్కూలుకి స్కూలు, ఆసుపత్రికి ఆసుపత్రి. అంతకుముందు మూడు వందల ఏళ్ళ నాడు జర్మనీలో జరిగిన తగాదాను ఇద్దరూ సామానుతో పాటు ఓడలో తెచ్చారు, మన పల్లెల్లో దించారు. ఆ తగాదాకు అసలు మూలం, మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనా క్రియల వల్లనా అన్నది. దాని మీద 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి సంతకాలు చేశాయి. ముఖ్యమైన మాటలో ఇద్దరిదీ ఒకటే నమ్మకమని రాసుకున్నాయి. మన ఊళ్ళకు ఆ కబురు ఇంకా చేరలేదు.

ఇప్పుడు మీరు అడగాల్సినవి. మీ అమ్మాయి బాప్తిస్మం పొందింది కాబట్టి ఈ పెళ్ళి వాళ్ళ దృష్టిలో పూర్తి జ్ఞానవివాహమే. కాకపోతే పీఠాధిపతిగారి అనుమతి కావాలి. అది విచారణ గురువుల (ఆ గుడి చూసుకునే ఫాదర్‌గారి) ద్వారా వస్తుంది, టైం పడుతుంది కాబట్టి ముహూర్తానికి మూడు వారాల ముందు పరుగెత్తకండి. మామూలుగా పెళ్ళికి ముందు గుళ్ళో ప్రకటనలు చదువుతారు, ఇద్దర్నీ వివాహ శిక్షణకు రమ్మంటారు. మీ అమ్మాయి మతం మారనక్కర్లేదు. మారితేనే పెళ్ళి అని ఎవరైనా అంటే అది వాళ్ళ ఇంటి కోరిక, సంఘం నియమం కాదు.

కాని ఒకటి ఉంది, అందరూ మరియమ్మ గురించి మాట్లాడుతూ దీన్ని మరిచిపోతారు. అనుమతి ఇచ్చే ముందు అబ్బాయి ఒక మాట ఇవ్వాలి. తన విశ్వాసం వదలనని, పుట్టే పిల్లలకు కతోలిక జ్ఞానస్నానం ఇప్పించి అలాగే పెంచడానికి తన శక్తికొద్దీ చూస్తానని. ఆ మాట మీ అమ్మాయి ఇవ్వనక్కర్లేదు. కానీ అతను ఇచ్చినట్టు ఆమెకు తెలిసి ఉండాలి, తెలుసని సంతకం అడిగితే అడగవచ్చు. నేను చూసిన ఇలాంటి కాపురాల్లో విగ్రహం మీద గొడవ ఒక్కటీ గుర్తు లేదు. మొదటి బిడ్డ పుట్టాక, నెల లోపు, ఇద్దరు అమ్మమ్మలూ నానమ్మలూ ఉయ్యాల చుట్టూ నిలబడ్డాక మొదలైనవే అన్నీ. కాబట్టి పిల్లల సంగతి, ఆదివారం ఎక్కడికి వెళ్ళాలన్న సంగతి ఆ ఇద్దరూ ఇప్పుడే, మీరెవరూ లేకుండా, మాట్లాడుకోమనండి. మీ అమ్మాయి "ఒకే యేసు ప్రభువు" అనడం నిజమే. అయితే ఆదివారం ఉదయం మాత్రం రెండు గుళ్ళు ఉంటాయి.

ఇంకొకటి తెలియాలి. ఇద్దరూ బాప్తిస్మం పొంది, గుళ్ళో చేసుకుని, కాపురం చేసిన పెళ్ళిని మరణం తప్ప ఏదీ విడదీయదని కతోలిక సంఘం చెప్తుంది. కోర్టు విడాకులు ఇచ్చినా సంఘం దృష్టిలో ఆ పెళ్ళి నిలిచే ఉంటుంది. పెళ్ళి మొదట్లోనే చెల్లలేదని సంఘ న్యాయస్థానంలో రుజువైతే తప్ప మళ్ళీ గుళ్ళో పెళ్ళి కుదరదు. ఆ అబ్బాయి మంచివాడంటున్నారు, సంతోషం.

అమ్మాయి చేతికి వాళ్ళ బైబిలు వస్తే తోబీతు, యూదితు, మక్కబీయులు లాంటి గ్రంథాలు కనిపించి కంగారుపడుతుంది. వాళ్ళ లెక్క 73, మీది 66. ఆ ఎక్కువవి ఎవరో కొత్తగా రాసి చేర్చినవి కావు, పాత గ్రీకు బైబిల్లోవి. లూథరుగారు కూడా వాటిని పారేయకుండా వేరే భాగంగా పెట్టి, చదవడం మంచిదే అన్నారు.

చివరగా మీ సొంత బాధకు మందు. ఒకరు కతోలికులు, ఒకరు బాప్తిస్మం పొందిన వేరే సంఘం వాళ్ళు అయినప్పుడు పూర్తి పూజ లేకుండా, వాక్య పఠనం, ప్రసంగం, ప్రమాణాలు, ఆశీర్వాదంతో పెళ్ళి చేసే క్రమం వాళ్ళ పుస్తకంలోనే ఉంది. ఇలాంటి పెళ్ళిళ్ళకు మామూలుగా పెట్టుకోమని చెప్పేదే ఆ క్రమం. అందులో సత్ప్రసాదం ఉండదు. ఎవరూ వరసలో నిలబడరు, ఎవరూ పక్కకు జరగరు. వియ్యంకుడిగారితో కలిసి వెళ్ళి ఫాదర్‌గారిని ఇది అడగండి. మీ పాస్టరుగారు వచ్చి ఒక ప్రార్థన చేయవచ్చేమో కూడా అప్పుడే అడగండి, సాధారణంగా కాదనరు. ఆ మేనత్తగారిని మాత్రం మీరే ఒకసారి భోజనానికి పిలవండి. ఆవిడ కూడా ఆ రాత్రి సరిగ్గా నిద్రపోయి ఉండదు.